గ్రామసభలో యువజనుల వాణి

(మన గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



కార్యవర్గమువారు నన్ను గ్రంథాలయమును గూర్చియు, గ్రామాభివృద్ధిని గూర్చియు నాలుగు మాటలు చెప్పుమన్నారు. నాకు ముందు మాటలాడిన పెద్దలు ఆ విషయమును చక్కగా వివరించిరి. నేనును అదియే చెప్పినచో పాడిన పాటనే పాడినట్లగును. కావున మీ అనుమతితో ఆ విషయములో ఒక కొనను మాత్రము పట్టుకొందును. పద్దెనిమిదేండ్లు నిండి ఓటు వచ్చి, ఇంకను ఊరిలో పెద్దమనుష్యులనిపించుకొనని మన బిడ్డలకు గ్రామ వ్యవహారములలో మాట యున్నదా? లేనిచో అది ఎట్లు రావలెను? ఈ పూట నేను చెప్పదలచినది ఇంతియే.

గోడవార నిలుచున్న వారిని జూచియే నాకీ విషయము తోచినది. ఈ షామియానాకు గుంజలు పాతినవారు వారు. కుర్చీలు మోసినవారు వారు. ఇప్పుడు నా ముందున్న మైకు నడుమ నడుమ కూయకుండ చూచుచున్న బాలుడును వారిలో ఒకడే. కుర్చీలలో మాత్రము మనము కూర్చున్నాము. మన గ్రామసభ జరుగునప్పుడును వరుస ఇదియే గదా! దీనిని నేను తప్పుగా ఎంచుటలేదు. పిన్నలు పెద్దలకు పీటవేయుట మన మర్యాద. అయితే పీట వేసిన చేతికి మాటలాడు నోరు కూడ ఉండునని మనము మరచుచున్నామేమో యని నా సందేహము.

ఇది నేటి సంగతి కాదు. తమిళదేశమున కాంచీపురము జిల్లాలో ఉత్తరమేరూరు అను గ్రామము కలదు. అచ్చటి వైకుంఠ పెరుమాళ్ ఆలయపు గోడలపై మొదటి పరాంతక చోళుని కాలమునాటి రెండు శాసనములున్నవి. ఒకటి క్రీ.శ. 919 నాటిది, రెండవది 921 నాటిది. గ్రామపాలనను గూర్చి ఇంత వివరముగా చెప్పిన ప్రాచీన శాసనములు మన దేశమున అరుదు. ఊరిని 30 వాడలుగా విభజించిరి. చెరువునకొక సంఘము, తోటలకొక సంఘము, బంగారమును పరీక్షించుటకొక సంఘము, సంవత్సర కార్యములకొక సంఘము ఏర్పరచిరి. సభ్యులకు 360 దినములే గడువు. ఎన్నుకొను విధము ఇంకను వింతయైనది. అర్హుల పేర్లు తాటియాకు ముక్కలపై వ్రాసి, వాడవారీగా కట్టలు కట్టి, కుండలో వేయుదురు. అర్చకులలో వయోవృద్ధుడు లేచి ఆ కుండను అందరికిని కనబడునట్లు ఎత్తి చూపును. అప్పుడు, లోపల ఏమున్నదో ఎరుగని బాలుడు, దగ్గర నిలిచియున్నవాడు, ఒక కట్టను తీసి వేరొక ఖాళీ కుండలో వేయును. దానిని కలిపి అందులోనుండి ఒక ఆకును తీసి మధ్యస్థునకిచ్చును. మధ్యస్థుడు దానిని ఐదు వ్రేళ్లును చాచిన అరచేతితో అందుకొనవలెను. చేతిలో మరియొక ఆకు దాచియుంచలేదని అందరికిని తెలియవలెను గదా! లెక్కలు వ్రాసి బ్రదుకువాడను గనుక, ఆ ఐదు వ్రేళ్ల మాట చదివినప్పుడు నాకు ఒడలు పులకరించినది.

సభ్యుడగుటకు వయస్సెంత? మొదటి శాసనము 30 మొదలు 60 అన్నది. రెండేండ్లు గడచునప్పటికి దానిని సవరించి 35 మొదలు 70 అన్నారు. అనగా గడువు పెద్దలవైపు జరిగినది, పిన్నలవైపు జరుగలేదు. రెండేండ్లలో ఏమి జరిగెనో, ఏ ముప్పదియొకటేండ్లవాడు ఏ పెద్దను ఏమని ప్రశ్నించెనో అని నాకు నవ్వు వచ్చుచుండును. ఇది నా ఊహయే గాని శాసనమున లేదు. ఆస్తియు, స్వంత ఇల్లును, వేదశాస్త్ర పరిచయమును ఉన్నవారికే ఆ అర్హత. స్త్రీలకును, తక్కిన కులములవారికిని అందు చోటు లేదు. కావున మన పూర్వులు ప్రజాస్వామ్యమును కనిపెట్టిరని ఆ శాసనమును జూపి చెప్పుకొనువారితో నేను పూర్తిగా ఏకీభవింపను. అయినను అందులో ఒక నియమము మాత్రము నేటికిని శిరోధార్యము. మునుపు సంఘమున పనిచేసి లెక్క చూపనివాడు మరల సంఘమునకు తగడు. వాడే గాదు, వాని దగ్గరి బంధువులును తగరు. ఏ బంధువులో, తల్లివైపువారెవరో, తండ్రివైపువారెవరో, శాసనమున వరుసలు పెట్టి మరీ చెప్పిరి.

ఆ సభలో పెద్దలకు అధికారము గలదు, మధ్యస్థునకు గౌరవము గలదు, లెక్కకు విలువ గలదు. బాలునకు ఏమున్నది? కుండలో పెట్టుటకు చేయి యున్నది. అతడేమియు ఎరుగడనుటయే అతని అర్హత. వేయియేండ్లు దాటినను మనము యువకులకిచ్చుచున్న పని ఇంచుమించుగా అదియే. ఎన్నికలు వచ్చినవన్న జెండాలు కట్టువారు వారు, బండ్లపై తిరుగువారు వారు, కరపత్రములు పంచువారు వారు. ఎన్నికలు ముగిసిన మరునాడు వారిలో ఎవడైన పంచాయతి కార్యాలయమునకు పోయి ఫలానా పద్దు చూపుడని అడిగెనా, "చదువుకొనే పిల్లవానికి నీకెందుకురా ఇవన్నీ?" అందురు. జెండా మోయుటకు చాలిన వయస్సు లెక్క అడుగుటకు చాలదా?

చట్టము మాత్రము మన కంటె ముందే నడచినది. రాజ్యాంగము అమలులోనికి వచ్చిన నాటినుండి ఓటునకు 21 ఏండ్లు నిండవలసియుండెను. 61వ సవరణచే 1989 మార్చి 28 నుండి అది 18 ఏండ్లయినది. తరువాత 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చినది. గ్రామసభ యనగా ఆ గ్రామపు ఓటర్ల జాబితాలో పేరున్నవారందరు. కనుక పద్దెనిమిదేండ్లు నిండి పేరు నమోదైన ప్రతి బాలికయు, ప్రతి బాలుడును గ్రామసభ సభ్యులే. ఒకరు పిలువనక్కరలేదు, ఒకరు అనుమతింపనక్కరలేదు. పంచాయతికి పోటీచేయుటకు 21 ఏండ్లు చాలును. శాసనసభకును లోకసభకును 25 కావలెనన్నవారు గ్రామమునకు మాత్రము నాలుగేండ్లు తగ్గించిరి. గ్రామము పిన్నలు పని నేర్చుకొనదగిన చోటని వారి భావమై యుండును.

2020లో కేరళలో రేష్మా మరియం రాయ్ అను ఆమె 21 ఏండ్లు నిండిన మరునాడు నామినేషను వేసి, గెలిచి, అరువాప్పులం గ్రామ పంచాయతికి అధ్యక్షురాలయ్యెను. పత్రికలన్నియు వ్రాసినవి. సంతోషమే. అయితే ఒకరు పదవిలోనికి వచ్చుట వేరు, పదిమందికి మాట వచ్చుట వేరు. పదవులు కొన్నియే, యువజనులు వందలకొలది. అందరును సర్పంచులు కాజాలరు. సర్పంచు కానివానికి గూడ ఊరిలో మాట యుండవలెననియే గ్రామసభను పెట్టినది. తెలంగాణమున 2018 నాటి చట్టము రెండు నెలలకొకమారు గ్రామసభ జరుపవలెనన్నది. కర్ణాటకమున 2006 నుండి ఏటేట పిల్లల గ్రామసభ యని వేరుగా జరుపు ఏర్పాటు చేసిరి. ఓటు రాని పసివాండ్ర మాటకును అచ్చట ఒక దినమున్నది. మనయొద్ద ఓటు వచ్చినవారికే మాట లేదు.

ఎందుచేత లేదు? వారికి శ్రద్ధ లేదని పెద్దలందురు, ఫోనులు వదలరందురు. అందులో కొంత నిజము లేకపోలేదు. అయితే నేనెరిగిన ఒక సంగతి చెప్పెదను. ఊరి పేరు చెప్పను, మనుష్యుల పేర్లును చెప్పను. మన ప్రాంతముననే ఒక గ్రామసభకు నేను పనిమీద పోయియుంటిని. డిగ్రీ చదువుచున్న ఒక బాలిక లేచి, వీధిదీపముల పద్దు చదివిరి గదా, మా వీధి స్తంభమునకు ఆర్నెల్లుగా దీపము లేదు, కొనిన దీపములు ఏ ఏ స్తంభములకు వేసిరో చెప్పుదురా అని అడిగినది. మాటలో తొందరపాటు లేదు, కోపము లేదు. సభలో ఒక పెద్ద ఏమనెను? "నువ్వెవరి అమ్మాయివి?" అనెను. సమాధానము అంతియే. ఆమె తండ్రి పేరు చెప్పి కూర్చున్నది. మరునాడు ఆ తండ్రికి కబురు పోయినది, మీ అమ్మాయిని కొంచెము చూచుకొనుమని. ఆయన కౌలు రైతు. నలుగురితో పని యున్నవాడు. తరువాతి సభకు ఆ బాలిక రాలేదు. దీపము వచ్చెనో లేదో నేనెరుగను.

"నువ్వెవరి అమ్మాయివి" అను ప్రశ్న మామూలుగా ఎంత ప్రియమైనది! దారిలో కనబడిన పసిబిడ్డను మనమందరము అట్లే పలుకరింతుము. అదే ప్రశ్న సభలో బెదిరింపగును. దీనిని యువకులు బాగుగనే గ్రహించిరి. అందుచేతనే గోడవార నిలుతురు. వారిది అశ్రద్ధ యనుకొనుటకంటె లోకజ్ఞానమనుకొనుటయే న్యాయము.

భారతము చదివినవారికి ఇది క్రొత్త గాదు. ద్యూతసభలో ద్రౌపది అడిగినది ధర్మసందేహమే గాని, ఒక విధముగా లెక్క కూడ. తన్ను తాను ముందు ఓడినవానికి నన్ను పణముగా ఒడ్డు హక్కు ఎక్కడిది? ఏది ముందు, ఏది వెనుక? చిట్టాలో వరుస తప్పినచో ఆవర్జా నిలువదు, ఇదియు అట్టిదే. భీష్ముడు ధర్మము సూక్ష్మమనెను. ద్రోణుడు పలుకలేదు. ధృతరాష్ట్రుడు పలుకలేదు. అప్పుడు లేచినవాడు వికర్ణుడు, దుర్యోధనుని తమ్ములలో ఒకడు. పెద్దలెవ్వరును చెప్పరైరి గనుక నేను చెప్పుచున్నానని కారణములు వరుసగా చూపి, ద్రౌపది ధర్మముచే ఓడింపబడలేదనెను. సభలో చాలమంది అతనిని మెచ్చిరి. వెంటనే కర్ణుడు లేచెను. వికర్ణుని వాదములో తప్పేమని ఆతడు ఆరంభింపలేదు. నీవు బాలుడవు, ఇందరు పెద్దలు ఊరకున్నచోట వృద్ధునివలె మాటలాడుదువా అని ఆరంభించెను. సభ చప్పబడినది. మెచ్చినవారిలో ఒక్కడును లేచి ఆ బాలుని ప్రక్క నిలువలేదు. వికర్ణుడు తుదకు అన్నగారి పక్షముననే యుద్ధము చేసి భీముని చేత చచ్చెను. చంపిన భీముడే అతనికై దుఃఖించెనని ద్రోణపర్వమున కలదు.

నేను గురుముఖమున చదివినవాడను గాను. దీపము ముందు కూర్చుండి, అర్థము కాని చోట పదిమార్లు చదివి తెలిసికొన్నవాడను. పండితులు నా వ్యాఖ్యలో దోషమున్న మన్నింతురు గాక. నాకు మాత్రము ఆ ఘట్టమున అన్నిటికంటె బాధ కలిగించునది కర్ణుని మాట గాదు. మెచ్చి ఊరకున్న సభ్యుల సంగతి. ఒంటిగా లేచిన గొంతును "బాలుడవు" అని కూర్చుండబెట్టుట సులభము. ఆ గొంతు వెనుక పదిమంది యున్నచో, చేతిలో కాగితమున్నచో, అంత సులభము గాదు.

ఇట్లు పదిమంది కలిసి, కాగితము చేతబట్టుకొని అడిగిన సందర్భము మన తెలుగునాటనే యున్నది. గ్రామీణ ఉపాధి హామీ చట్టము 2005లో వచ్చెను. 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లెలో ఆ పథకమును ప్రారంభించిరి. ఆ చట్టమున సామాజిక తనిఖీ యని ఒక నియమముండెను. పనులకైన ఖర్చును గ్రామసభయే పరీక్షింపవలెనని. అంతకు పూర్వము 1994లో రాజస్థానమున పాలీ జిల్లా కోట్ కిరానాలో కూలీలు బహిరంగముగా సభ జరిపి, పంచాయతి పనుల లెక్కలు ఊరి ముందు చదివించిరి. ఆ దారినే ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2006 నుండి సామాజిక తనిఖీలు మొదలయ్యెను. 2009లో దానికై ప్రత్యేకముగా ఒక సంస్థనే ఏర్పరచిరి.

ఆ తనిఖీ చేసినవారెవరు? పెద్ద ఆడిటర్లు గారు. కూలి కుటుంబములలో కొంత చదువుకొన్న యువతీ యువకులు. వారికి కొలది దినములు శిక్షణ యిచ్చి, మస్టరు ఎట్లు చదువవలెనో, కొలతల పుస్తకము ఎట్లు చూడవలెనో నేర్పిరి. వారు ఇంటింటికి పోయి, "అయ్యా, మీరు ఫలానా వారము ఆరు దినములు పనిచేసినట్లు ఇందున్నది, నిజమేనా? ఇంత కూలి ముట్టినట్లున్నది, ముట్టినదా?" అని అడిగిరి. త్రవ్విన చెరువును టేపు పట్టి కొలిచిరి. చనిపోయినవారి పేర కూలి వ్రాసిన మస్టరులును, ఊరిలో లేనివారి పేర వ్రాసిన మస్టరులును బయటపడెను. తరువాత గ్రామసభలో చదివిరి. మండలములో ప్రజావేదిక పెట్టి అధికారుల యెదుట మరల చదివిరి. వాగ్వాదములు జరిగినవి, బెదిరింపులు జరిగినవి. తిరిగి రాబట్టవలెనన్న సొమ్ములో రాబట్టినది కొంతయే. ఆ లోపములన్నియు ఒప్పుకొందును. అయినను పదవ తరగతియో ఇంటరో చదివిన కూలివారి బిడ్డ లేచి నిలిచి అంకెలు చదువుచుండగా అధికారి జవాబు చెప్పుకొనుట అంతకుముందు ఈ దేశమున ఎప్పుడు జరిగినది?

అందులో ఒక మెలకువ గమనింపదగినది. ఆ యువజనులను వారి స్వగ్రామమునకు గాక పొరుగు గ్రామములకు తనిఖీకి పంపుచుండిరి. స్వగ్రామమున అడుగుట కష్టమని వారికి తెలియును. "నువ్వెవరి అమ్మాయివి" అను ప్రశ్న పొరుగూరిలో పనిచేయదు. మనకు కావలసినది అంతకంటె కష్టమైనది. స్వగ్రామముననే అడుగవలెను, బ్రదుకవలెను, రేపు అదే పెద్దతో కలిసి పెండ్లి భోజనము చేయవలెను. కనుక అడుగు విధానమును కొంచెము జాగ్రత్తగా అమర్చుకొనవలెను.

ఇచ్చట గ్రంథాలయము మాట వచ్చుచున్నది. నేను విషయమును వదలి పోయితినని కార్యదర్శిగారు కంగారు పడుచున్నట్లున్నారు; వచ్చుచున్నాను.

పూర్వము గ్రామపు లెక్క ఒక ఇంటిలో నుండెడిది. కరణముతో కంటు కాటికి పోయినా తప్పదని సామెత. ఆ భయము కరణమును జూచి గాదు, ఆయన పెట్టెలోని కాగితమును జూచి. అందులో ఏమున్నదో మరియొకరికి తెలియదు. 1984లో ఆ పదవులు పోయినవి. పెట్టె పోయినది గాని కాగితము చదువుట జనమునకు రాలేదు. నేడు మరియొక వింత. 2020 ఏప్రిల్ 24న కేంద్ర ప్రభుత్వము ఈ-గ్రామస్వరాజ్ అను ఏర్పాటును ప్రారంభించినది. పంచాయతి ప్రణాళికయు, జమాఖర్చులును అందులో ఫోనుపై చూడవచ్చును. ఆ పెట్టె ఇప్పుడు ఊరిలో ప్రతి యువకుని జేబులోనున్నది. అతనికి తాళము తీయుట వచ్చును, లోపలి పద్దు అర్థము గాదు. మాబోటివారికి పద్దు అర్థమగును, తాళము తీయుట రాదు. ఇద్దరును ఒక బల్ల దగ్గర కూర్చుండవలెను. ఈ ఊరిలో ఆ బల్ల ఎక్కడున్నది? గుడిలో లేదు, పార్టీ కార్యాలయములలో లేదు, టీ దుకాణములో నున్నది గాని అచ్చట ఆడపిల్లలు కూర్చుండరు. అందరును రాదగిన బల్ల మన పఠనమందిరముననే యున్నది.

పద్దు తెలిసినచో ఏమి లాభమందురేమో. ఒక ఉదాహరణము. మన యువకులు రెండేండ్లుగా వాలీబాలు స్థలమును బాగుచేయుమని అడుగుచున్నారు. నిధులు లేవని సమాధానము. వీరు అలిగి వెళ్లిపోవుదురు. అసలు సంగతి యేమి? 2021 మొదలు 2026 వరకు పదునైదవ ఆర్థిక సంఘము గ్రామములకిచ్చిన సొమ్ములో నూటికి అరువది పాళ్లు త్రాగునీటికిని పారిశుద్ధ్యమునకును ముడిపెట్టినది. దానిలో ఆటస్థలము పొసగదు. తక్కిన నలువది పాళ్లకు అట్టి ముడి లేదు. ఊరి అవసరమును బట్టి పనులు పెట్టుకొనవచ్చును. ఇది తెలిసినవాడు "ఆటస్థలము కావలెను" అని అడుగడు. "ముడి లేని సొమ్ము ఈ ఏడు ఎంత వచ్చినది, ఏ పనులకైనది, వచ్చు ఏటి ప్రణాళికలో మా పనిని చేర్చుటకు తీర్మానము ఎప్పుడు చేయుదురు" అని అడుగును. మొదటి ప్రశ్నకు నిధులు లేవని చెప్పి పంపవచ్చును. రెండవదానికి కాగితము తీయక తప్పదు.

ఇంకొకటి మన ఇంటి సంగతియే. రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో పంచాయతుల కప్పగింపదగిన 29 విషయములు కలవు, ఇరువదియవది గ్రంథాలయములు. మనము కట్టు ఇంటిపన్నుతో కలిపి గ్రంథాలయ పన్నును గూడ కట్టుచున్నాము, రూపాయికి ఎనిమిది పైసలు వంతున. 1960 నాటి గ్రంథాలయ చట్టము ప్రకారము పంచాయతి దానిని వసూలుచేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయవలెను. అది చాలచోట్ల సకాలమున చేరుటలేదని పత్రికలలో చూచుచునే యున్నాము. మన ఊరి సంగతి యేమి? ఎంత వసూలైనది, ఎంత జమయైనది, ఎంత నిలిచినది? ఈ రజతోత్సవము చేసికొనుచున్న మనలో ఎవ్వరమును ఇంతవరకు అడుగలేదు. యువకులు లెక్క చదువుట దీనితో మొదలుపెట్టవలెనని నా సలహా. ఇందులో ఎవరి ఇంటిమీదను నింద పడదు, ఎవరి వీధికిని తగాదా లేదు. మూడంకెలు తెలిసికొనుట మాత్రమే.

ఆడపిల్లలను గూర్చి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. స్త్రీలకు పంచాయతులలో సగము స్థానములున్నవి, నిజమే. ఆ స్థానములలో కూర్చున్నవారి బదులు భర్తలు మాటలాడు ముచ్చట మీకందరికిని తెలిసినదే; దానిని వదలుదును. నేను చెప్పునది పద్దెనిమిది మొదలు ఇరువదిమూడేండ్ల బాలిక సంగతి. పుట్టినింట నున్నంతకాలము "నేడో రేపో వెళ్లిపోవు పిల్ల, ఊరి సంగతి నీకెందుకు" అందురు. అత్తవారింట అడుగుపెట్టినంతనే "నిన్న వచ్చిన కోడలు, మా ఊరి సంగతి నీకేమి తెలియును" అందురు. ఓటర్ల జాబితాలో ఆమె పేరు ఈ ఊరినుండి ఆ ఊరికి మారుటకు రెండేండ్లు పట్టవచ్చును. ఆ వయస్సున నీళ్లబిందె మోయునది ఆమె, చీకటి వీధిలో ట్యూషను నుండి తిరిగి వచ్చునది ఆమె. దీపమును గూర్చి ఆమె గాక మరెవ్వరడుగవలెను? పట్టణములకు పోవు మగపిల్లల సంగతియు కొంతవరకు ఇట్టిదే. హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉద్యోగము చేయుచు, పండుగకు వచ్చి పోవువానికి ఊరితో ఏమి పని యని కొందరందురు. వాడు పంపు సొమ్ముతోనే ఇక్కడ ఇల్లు లేచుచున్నది, ఇంటిపన్ను చెల్లుచున్నది. పన్ను కట్టువానికి ఖర్చు అడుగు హక్కు లేదనుట ఏ శాస్త్రము?

ఒక ఆక్షేపణకు సమాధానము చెప్పి ముగించెదను. యువకులను ఇందులోనికి దింపినచో ఊరిలో కక్షలు పెరుగునని మన పెద్దలలో కొందరు నాతో నిన్ననే అనిరి. వారి భయము నాకు తెలియును. ఇటువంటి ఊళ్లలో మాటకు మాట పెరిగి తలలు పగిలిన దినములు వారు చూచినవారు. అయితే కక్ష పుట్టునది లెక్క తెలిసినందువలన గాదు. తెలియక, గుసగుసలాడి, వాడు తిన్నాడట వీడు తిన్నాడట యని టీ దుకాణములో అనుకొన్నందువలన పుట్టును. ఖర్చు సరిగా చేసిన సర్పంచునకు గూడ ఆ గుసగుసవలన చెడ్డపేరే వచ్చుచున్నది. ఓచరు బల్లమీద నున్నచో ఆయనకే మేలు.

కార్యవర్గమువారికి నా మనవి ఇది. గ్రామసభ తేదీ ప్రకటించిన నాటినుండి సభ జరుగువరకు, ప్రతి సాయంకాలము ఆరు గంటలనుండి ఏడున్నర వరకు మన పఠనమందిరమున పంచాయతి జమాఖర్చులను చదువు ఏర్పాటు చేయుడు. ఫోనులో నున్నదానిని యువకులు కాగితముపై ఎత్తి వ్రాయుదురు. ప్రారంభ నిల్వ యేమి, జమ యేమి, ఖర్చేమి, ముగింపు నిల్వ యేమి, అవి ఎందుకు కలియవలెనో, కలియనిచో ఎక్కడ వెదకవలెనో నేను చెప్పుదును. దీనికి జీతము వలదు. టీ ఇప్పించినచో కాదనను. ఒక గట్టి అట్టల పుస్తకము కొనుడు. సందేహములన్నియు అందులో వ్రాయవలెను. అడిగినవారి పేరు వ్రాయనక్కరలేదు. సభలో దానిని గ్రంథాలయము పక్షమున చదువవలెను. చదువుటకు ఒకమారు బాలుడు, ఒకమారు బాలిక. సర్పంచుగారును, పంచాయతి కార్యదర్శియు ఇచ్చిన సమాధానమును ప్రక్క పేజీలో వ్రాయవలెను. సమాధానము రానిచో ఆ పేజీని ఖాళీగా వదలి, మరుసటి సభలో అక్కడినుండి మొదలుపెట్టవలెను. సభ కూడ పగటిపూట పనివేళలలో గాక సాయంకాలము జరుపుమని పంచాయతివారిని కోరుదము. సర్పంచుగారు ఈ వేదికపైననే యున్నారు. నా మాట వినినప్పుడు వారు తల ఊపినట్లే నాకు కనబడినది.

ఆ పుస్తకమునకు తాళమున్న బీరువా ఒకటి కావలెను. తాళపుచెవి నాయొద్ద గాని కార్యదర్శిగారియొద్ద గాని వలదు. గోడవార నిలుచున్న వారిలో ఇద్దరు, ముందువరుసలోని తల్లుల బిడ్డలలో ఇద్దరు, ఈ నలుగురి పేర్లు ఈ సభ ముగియులోపల నాకు వ్రాసి యిచ్చినచో, వచ్చు సోమవారమే మొదలుపెట్టవచ్చును. మొదటి ప్రశ్న గ్రంథాలయ పన్నును గూర్చి. సెలవు.